ఏడు గంటల సన్నధార

మీ ఇంట్లో కొళాయి ధార బాగా వస్తుంటే సంతోషించండి. ఆ సంగతి మాత్రం తొందరపడి మీ ఆవిడతో చెప్పకండి. నేను చెప్పకుండా నలభై రోజులు నెట్టుకొచ్చాను. రిటైరయ్యాక అంత సుఖంగా గడిచిన రోజులు నాకు లేవు. నలభై ఒకటో రోజు ఏమైందో చెబుతాను, కూర్చోండి.

ముందు వ్యాన్ సంగతి. నేను నంద్యాలలో ఒక బీమా ఆఫీసులో ముప్పై మూడేళ్లు పనిచేసి పోయిన జూన్‌లో రిటైరయ్యాను. చేతిలో పని లేకపోతే పిచ్చెక్కుతుందని ఆర్నెల్ల ముందే ఒక పాత స్కూలు వ్యాన్ కొన్నాను. దాన్ని నడిచే ఇల్లుగా మార్చి, బడి సెలవుల్లో నేనూ మా ఆవిడ హేమలతా మహానంది, అహోబిలం, గండికోట, ఆపైన హంపి, ఓపిక ఉంటే ఇంకా పైకి తిరగాలని ప్లాను. వ్యాన్‌ను ఇల్లు చేసిపెట్టినవాడు గఫూర్. ప్రతి మాటకూ "గ్యారంటీ సార్" అంటాడు కనక ఊళ్లో అతన్ని గ్యారంటీ గఫూర్ అంటారు. దేనికి గ్యారంటీ, ఎన్నాళ్లు గ్యారంటీ అన్నది ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఒక మంచం, స్టవ్వు, మంచం కింద నూటయాభై లీటర్ల నీళ్ల ట్యాంకు, ఆ నీళ్లను కొళాయికి తోసే చిన్న బ్యాటరీ మోటారు, వెనకవైపు తలుపు పక్కన షవరు. చెప్పొద్దూ, మా ఇంట్లో కన్నా అందులోనే సదుపాయాలు ఎక్కువ.

వ్యాన్ తయారైన వారానికే, నంద్యాలలో టీచరుగా ఉన్న హేమకు ఆళ్లగడ్డలో ఒక ఆడపిల్లల హాస్టలు స్కూలుకు బదిలీ ఆర్డరొచ్చింది. ఫిజిక్స్ టీచరు, పైగా వార్డెను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ఎంత, బస్సెక్కితే గంట. కానీ వార్డెను అన్నాక పగలూ రాత్రీ అక్కడే ఉండాలి.

"నేనూ వ్యాన్ వేసుకొని వచ్చి మీ స్కూల్లో ఒక మూల పెట్టుకుంటాలేమ్మే," అన్నాను.

"ఆడపిల్లలుండే తావు. మగోళ్లను రానియ్యరు."

"నేను నీ మొగుణ్ని గదా!"

"మొగుళ్లు మగోళ్లు కారా?"

ముప్పై మూడేళ్ల బీమాలో ఎన్నో షరతులు చదివాను గానీ, ఈ షరతు ఎక్కడా చూడలేదు.

అయినా ఒక ఆదివారం వెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎలీషా ఆపాడు.

"యాడికి సార్?"

"లోపలికి. హేమలత టీచరు భర్తను."

"భర్తలకు ఆదివారం పదింటి నుంచి పదకొండు దాకా సార్. ఆ రేకుల షెడ్డులో కూర్చోవల్ల."

అంతలో ఒకాయన భుజాన పైపు ముక్క వేసుకొని దర్జాగా గేటు దాటి లోపలికి పోయాడు.

"మరి ఆయన?"

"ఆయప్ప రిపేరు మనిషి సార్. రిపేరోళ్లకు టైమేంది, ఎప్పుడైనా పోవచ్చు."

ఆ షెడ్డులో అరవై మంది తల్లిదండ్రుల మధ్య నేనూ హేమా గంటసేపు కూర్చున్నాం. అందులో నలభై ఐదు నిమిషాలు ఆవిడ వాళ్ల పిల్లల మార్కులు వాళ్లకు చెప్పింది. మిగిలిన పదిహేను నిమిషాల్లో నా బీపీ ఎంతో నన్ను అడిగింది.

నంద్యాల ఇంట్లో మూడు గదులు. రెండు కప్పుల టీకి అలవాటుపడిన చేతికి ఒక కప్పు కొలత రాదు. రెండు కప్పులు కాచి, పారబోయడానికి మనసొప్పక రెండోదీ నేనే తాగి, నిద్ర పట్టక ఫ్యాను వైపు చూస్తూ పడుకునేవాణ్ని. చివరికి మకాం పెరట్లో ఉన్న వ్యాన్‌లోకి మార్చాను. ఇంట్లో మూడు గదులు ఖాళీ. వ్యాన్‌లో ఉన్నది ఒక్క గదే, ఖాళీ కూడా తక్కువ.

పక్కింటి రంగమ్మ ప్రహరీ మీద నుంచి చూసింది. "ఏమప్పా రాజశేఖరా, ఇంత ఇల్లు పెట్టుకొని బండ్లో పండుకుంటాండావ్? హేమ తరిమినాదా ఏంది?"

"తరిమితే బాగుండు అవ్వా. తానే పోయినాది," అన్నాను.

ఇక రోజు మొత్తానికి నాకు మిగిలింది సాయంత్రం ఏడు గంటల ఫోను. ఏడింటికి పిల్లల చదువు గంట అయిపోతుంది, ఏడున్నరకు భోజనం గంట కొడతారు. మధ్యలో అరగంట హేమది. ఆ అరగంటలో మేం మాట్లాడుకున్నది ఇంతే:

"తిన్నారా?"

"తిన్నా."

"మాత్ర వేసుకున్నారా?"

"వేసుకున్నా."

"సరే అయితే."

ఫోను పెట్టాక చూసుకుంటే యాభై సెకన్లు. ముప్పయ్యేళ్లు ఒకే ఇంట్లో ఉన్నవాళ్లకు ఫోనులో చెప్పుకోవడానికి ఏమీ ఉండదని అప్పుడే తెలిసింది.

జనవరిలో ఒకరోజు మాత్రం నిమిషం దాటింది. "ఈడ ఇంకో ఏడాది ఉంటానంటే ఉండొచ్చంట. లేదంటే నంద్యాలకే వచ్చేయొచ్చు. ఫిబ్రవరి ఆఖరు దినానికి కాగితం రాసియ్యల్ల," అంది.

వచ్చెయ్ అని నోటిదాకా వచ్చింది. కానీ చూడండి, నాకొక పెద్దమనిషి జబ్బుంది. అవసరమైన చోట ఉదారంగా మాట్లాడేస్తాను.

"నీ ఇష్టం హేమా. నాదేముంది," అన్నాను.

"సరే అయితే," అంది హేమ.

ఆ రోజు రెండు కప్పుల టీ రెండుసార్లు కాచాను.

ఇదయిన నాలుగో రోజు, సోమవారం పొద్దున, వ్యాన్‌లో మొహం కడుక్కుందామని కొళాయి తిప్పితే ధార దారమంత సన్నగా వచ్చింది. షవరు కింద నిలబడితే కాళ్లు తడిసేలోపు తల ఆరిపోతోంది. గఫూర్‌కు ఫోను చేశాను.

"నీళ్లు రొంతే వస్తాండాయి గఫూర్."

"వస్తాండాయి గదా సార్! గ్యారంటీ."

ఆ సాయంత్రం తిన్నారా, మాత్ర వేసుకున్నారా అయిపోయి, హేమ "సరే అయితే" అనబోతుండగా నోరు జారాను.

"హేమా, వ్యాన్‌లో నీళ్లు సరిగ్గా రావడం లేదు."

పెట్టేయబోయిన ఫోను ఆగింది.

"రావడం లేదంటే? అసలే రాలేదా, సన్నగా వస్తాండాయా?"

"సన్నగా."

"మొదటి నుంచీ సన్నగానా, ముందు బాగా వచ్చి మల్ల సన్నబడినాయా?"

"ముందు బాగానే వచ్చినాయి."

"మోటారు శబ్దం ఎట్లుండాది?"

"మోటారు అరుస్తాంది. నీళ్లే పలకడం లేదు."

"అట్లైతే దారిలో ఏందో అడ్డం పడింది. ట్యాంకుకూ మోటారుకూ మధ్యలో చిన్న జల్లెడ ఉంటాది, మీద మూత ఉంటాది చూడండి. రేపు పొద్దున విప్పి కడగండి. విప్పేముందు మోటారు ఆపల్ల. ఆపకుండా విప్పినారంటే..."

"నాకు తెలుసులేమ్మే."

"మీకెంత తెలుసో నాకు తెలుసు. అందుకే చెప్తాండా."

ఫోను పెట్టాక చూశాను. పద్దెనిమిది నిమిషాలు! కళ్లజోడు తుడుచుకొని మళ్లీ చూశాను. పద్దెనిమిదే.

మర్నాడు పొద్దున మోటారు ఆపకుండానే విప్పి, నిలువునా తడిసి, తర్వాత ఆపాను. జల్లెడ నిండా గఫూర్ ట్యాంకుకు బెజ్జాలు పెట్టినప్పుడు రాలిన ప్లాస్టిక్ తురుము. కడిగి బిగించి కొళాయి తిప్పితే నీళ్లు దూకాయి. స్టీలు బిందె చూస్తుండగానే నిండింది.

నేను ఆ నిండు బిందె పక్కన కూలబడ్డాను. రిపేరు అయిపోయింది. మరి సాయంత్రం ఏడింటికి హేమతో ఏం చెప్పాలి?

ఆ సాయంత్రం ఒక చేత్తో ఫోను పట్టుకొని, ఇంకో చేత్తో తాగేనీళ్లకు కొళాయి కింద బిందె పెడుతూ, జీవితంలో మొదటిసారి భార్యతో ధైర్యంగా అబద్ధమాడాను.

"జల్లెడ కడిగినా హేమా. ఏం లాభం లేదు. సన్నగానే వస్తాండాయి."

అవతల కాసేపు మాట లేదు. ఈలోగా బిందె నిండింది, కొళాయి కట్టేశాను.

"అట్లనా?" అంది హేమ. "అయితే రేపు కొళాయి మూతి విప్పి చూడండి. దాంట్లో కూడా సన్న జల్లెడ ఉంటాది."

ఇరవై రెండు నిమిషాలు.

అదీ మొదలు. మర్నాడు కొళాయి మూతి. ఆ మర్నాడు మంచం కింద పైపు మడత పడిందేమో చూడమంది. ఇంకో రోజు బ్యాటరీ తగ్గిందేమో అంది. ట్యాంకుకు గాలి పోయే బెజ్జం మూసుకుపోతే కూడా నీళ్లు సన్నబడతాయట, దాని మీద రెండు సాయంత్రాలు పాఠం చెప్పింది. నంద్యాల ఉప్పునీళ్లకు షవరు బెజ్జాలు పూడుకుపోతాయని నిమ్మకాయలు పిండిన నీళ్లలో నానబెట్టమంది. నేను పన్నెండు నిమ్మకాయలు కొనడం చూసి, రంగమ్మ నాకు పైత్యం చేసిందని మా వీధంతా చెప్పింది.

హేమ ఊరికే వినే మనిషి కాదు. "విప్పినాక ఫొటో పంపండి" అనేది. దాంతో బాగున్న కొళాయిని రోజూ విప్పి, ఫొటో తీసి, మళ్లీ బిగించాల్సి వచ్చేది. విప్పిన మరలు ఏడైతే బిగించాక ఒకటి చేతిలో మిగిలేది. అయినా నాకు హాయిగానే ఉండేది. పొద్దున లేవగానే చేయడానికి పని, సాయంత్రం చెప్పడానికి మాట ఉన్నాయి.

నీళ్ల మీద మొదలైన మాట నీళ్ల దగ్గరే ఆగేది కాదు. తొమ్మిదో తరగతిలో సిరి అనే పిల్ల ఇల్లు గుర్తొచ్చి రోజూ దిండులో మొహం దాచుకుంటుందని చెప్పేది. వంటమనిషి కృష్ణమ్మ వద్దన్నా తన పళ్లెంలో ఇంకో గరిటె వేస్తుందని చెప్పేది. ఒకరోజు ఉన్నట్టుండి, "ఆదివారం పూట పిల్లల అమ్మానాన్నలు వెళ్లిపోయినాక ఆ రేకుల షెడ్డు చూస్తే నాకు ఏడుపొస్తాది," అంది. ముప్పయ్యేళ్ల కాపురంలో హేమ ఏడుపు అన్న మాట అనడం నేను వినలేదు. "పైపు జాయింటు చూడమంటావా?" అన్నాను.

"చూడండి," అంది.

ముప్పయ్యో రోజుకు హేమ పెద్ద బాంబే వేసింది. "మోటారు శక్తి చాలడం లేదేమో. పెద్దది వేసి చూడండి."

గఫూర్ ఒక మోటారు తెచ్చి బిగించాడు. "లారీలు కడిగే మోటారు సార్ ఇది. చక్రాల్లో బురద కూడా నిలబడదు. గ్యారంటీ."

జీవితంలో మొదటిసారి గఫూర్ గ్యారంటీ నిజమైంది. కొళాయి తిప్పగానే చేతిలో టూత్‌బ్రష్ ఎగిరి పెరట్లో పడింది. అద్దం మీద అతికించిన బొట్టుబిళ్ల, హేమ ఎప్పుడో పెట్టింది, కొట్టుకుపోయింది. దాన్ని వెతికి మళ్లీ అతికించేసరికి అరగంట పట్టింది.

ఇప్పుడు సన్నధార ఫొటో పంపాలంటే ఎలా? దండెం మీద నుంచి ఒక బట్టల క్లిప్పు తెచ్చాను. ఎర్రది, పెద్దది, దుప్పట్లు ఎగిరిపోకుండా హేమ పెట్టేది. మంచం కింద మెత్తటి పైపును రెండు మడతలు పెట్టి ఆ క్లిప్పు బిగిస్తే ధార మళ్లీ దారమైంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇలా నలభయ్యో రోజు వచ్చింది. ఫిబ్రవరి ఇరవై ఏడు, శుక్రవారం. అంతకుముందు వారం నుంచీ రోజూ ఏడింటికి చెప్పాలనుకుంటూనే ఉన్నాను. వచ్చెయ్ హేమా, ఈ ఇంట్లో నా వల్ల కావడం లేదు అని. ఫోను తీయగానే జాయింట్లు, వాషర్లు వచ్చేవి.

"కాగితం రేపు పొద్దున పదింటికి ఇయ్యల్ల," అంది హేమ ఆ సాయంత్రం.

"ఇయ్యి."

"మీరేం చెప్తారు?"

"అప్పుడే చెప్పినా గదా. నీ ఇష్టమని."

"ఇంకేమన్నా చెప్పల్లనా?"

ఆవిడ గొంతులో ఏదో ఉంది. నాకు వినపడింది కూడా. కానీ నోరు అలవాటైన దారిలోనే పోయింది.

"మోటారు పెద్దది వేసినా హేమా. అయినా నీళ్లు సన్నగానే వస్తాండాయి."

హేమ పూర్తిగా వింది. తర్వాత అంది, "సరే. రేపు వ్యాన్ తీసుకొని రండి. నేనే చూస్తా."

శనివారం పొద్దున క్లిప్పు గట్టిగా ఉందో లేదో రెండుసార్లు చూసుకొని బయలుదేరాను. శిరివెళ్ల దాటాక వ్యాన్‌లో ఒక్కణ్నే గట్టిగా సాధన మొదలుపెట్టాను. "హేమా, వచ్చెయ్." మరీ మొరటుగా ఉంది. "హేమా, నువ్వు వచ్చేస్తే బాగుంటాది." ఇది పాలసీ కట్టమన్నట్టుంది. ఆళ్లగడ్డ దగ్గరికొచ్చేసరికి రోడ్డు పక్కన శిల్పులు సగం చెక్కిన దేవతలను వరసగా నిలబెట్టారు. వ్యాన్ ఆపి, ఇంకా కళ్లు చెక్కని ఒక అమ్మవారి ముందు నిలబడి చెప్పి చూసుకున్నాను. ఉలి పట్టుకున్న శిల్పి నా వైపు అదోలా చూశాడు. నేను వ్యాన్ ఎక్కేశాను.

గేటు దగ్గర ఎలీషా లేచాడు. "ఈ పొద్దు భర్తగా వచ్చినారా సార్, రిపేరుకు వచ్చినారా?"

"రిపేరుకు."

"అట్లైతే లోపలికి పోండి."

అప్పటికి పదకొండు. లోపల చెట్టు నీడన హేమ ఒక్కతే ఉంటుందనుకున్నాను. తొమ్మిదో తరగతి మొత్తం ఉంది. ముప్పై మంది ఆడపిల్లలు నోటు పుస్తకాలు పట్టుకొని వరసగా నిలబడ్డారు. పక్కన కుర్చీలో ప్రిన్సిపాల్ వాణి మేడమ్. ఆవిడ ఎప్పుడూ నవ్వదని హేమ చెప్పింది, నిజమే.

"పిల్లలూ, ఈ పొద్దు ప్రాక్టికల్," అంది హేమ. "ఈ వ్యాన్‌లో నలభై దినాల నుంచి నీళ్లు సన్నగా వస్తాండాయి. అంకుల్ అన్నీ విప్పి చూసినాడు. కారణం దొరకలే. మీరు కనుక్కోవల్ల."

నేను వ్యాన్ తలుపుకు అడ్డం వచ్చాను. "హేమా, పిల్లలకెందుకు శ్రమ..."

"మీరు గమ్మునుండండి."

పిల్లలు చీమల బారులా వ్యాన్ ఎక్కారు. ట్యాంకు నిండుగా ఉందని ఒకరు, బ్యాటరీ బాగుందని ఒకరు, జల్లెడ శుభ్రంగా ఉందని ఒకరు అరుస్తుంటే మిగతావాళ్లు రాసుకుంటున్నారు. నేను మంచం మీద కూర్చొని, క్లిప్పున్న చోటికి అడ్డంగా కాళ్లు వేలాడేశాను.

"అంకుల్, రొంత కాళ్లు తీస్తారా?" అంది ఒక బక్కపలచటి పిల్ల. నోటు పుస్తకం మీద పేరుంది, దిండులో మొహం దాచుకునే సిరి అదే.

"మోకాళ్ల నొప్పి తల్లీ. ఒకసారి కూర్చుంటే లేవలేను."

వాణి మేడమ్‌కు కూడా కుతూహలం పుట్టింది. లేచొచ్చి కొళాయి మూతి దగ్గర మొహం పెట్టి, "ఈ మూతిలోనే ఏదో ఉన్నట్టుంది హేమలత గారూ," అని దారమంత ధారను పరీక్షగా చూస్తోంది.

అప్పుడొచ్చింది కృష్ణమ్మ, వంటింట్లోంచి మజ్జిగ గ్లాసుతో. "ఎండలో వచ్చినావు, తాగప్పా," అని నా చేతికిచ్చి, నడుము నొప్పెట్టి మెట్టు మీద చతికిలబడింది. అక్కణ్నుంచి ఆమె కళ్లకు సరిగ్గా మంచం అడుగు కనపడుతుంది. ముప్పై మంది సైన్సు పిల్లలకు కనపడనిది ఆమెకు కనపడింది.

"ఏమప్పా, పైపును ఆరేసినావా ఏంది? బట్టల క్లిప్పు పెట్టినావే?"

ముప్పై తలలూ ఒకేసారి మంచం కిందికి వంగాయి.

"తీయద్దు!" అని నేను అరిచేలోపు కృష్ణమ్మ చెయ్యి పెట్టి క్లిప్పు లాగేసింది.

లారీలు కడిగే మోటారు అంతసేపూ బిగబట్టుకొని ఉంది. కొళాయి మూతి తుపాకీ గుండులా ఎగిరింది. నీళ్లు సూటిగా వాణి మేడమ్ మొహాన్ని తాకి, అక్కణ్నుంచి పైకప్పుకు, పైకప్పు నుంచి అందరికీ పంచినట్టు పడ్డాయి. దాంతోపాటు షవరు ఊడి, పాములా మెలికలు తిరుగుతూ తలుపులోంచి బయటికి దూకింది. ఏం జరిగిందో చూద్దామని పరుగెత్తుకొచ్చిన ఎలీషా యూనిఫాంతో సహా తడిశాడు. పిల్లలు కేకలు పెడుతూ, తప్పించుకోవాల్సింది పోయి, దాని కిందికే ఎగబడ్డారు. సిరి రెండు చేతులూ చాచి గంతులేస్తూ పెద్దగా నవ్వింది. నేను మోటారు స్విచ్చు కోసం తడుముకొని హారను మోగించాను, లైట్లు వేశాను, వైపర్లు ఆడించాను. చివరికి హేమ వచ్చి, నన్ను పక్కకు తోసి, ఒక్క వేలితో మోటారు ఆపింది.

వాణి మేడమ్ చీర కొంగు పిండుకుంది. "ప్రాక్టికల్ అయిపోయినట్లేనా హేమలత గారూ?"

"అయిపోయింది మేడమ్."

"మంచిది," అని, నవ్వకుండానే వెళ్లిపోయింది.

పిల్లలు బట్టలు మార్చుకోవడానికి పోయారు. వ్యాన్‌లో నేనూ హేమా మిగిలాం. ఇద్దరం తడిసి, తడిసిన మంచం మీద కూర్చున్నాం. ఆమె చేతిలో ఎర్ర క్లిప్పు.

"హేమా, నేను చెప్తా విను..."

"ఏం చెప్తారు? నాకు రెండో దినమే తెలుసు."

"రెండో దినమా?"

"జల్లెడ కడిగినా లాభం లేదంటిరే, అప్పుడు ఫోనులో బిందె నిండుతాంది. మొదట బొంగురుగా ఉండి, నిండే కొద్దీ బిందె గొంతు సన్నబడతాది. ముప్పై ఏండ్లు మన ఇంట్లో కొళాయి కింద బిందె పెట్టి, వంటింట్లోంచి చెవితో విని పరుగెత్తి కట్టేసినదాన్ని. ఆ పొద్దు మీ బిందె అర నిమిషంలో నిండింది. సన్నధారకు ఎట్ల నిండుతాది?"

నేను మజ్జిగ గ్లాసులోకి చూశాను. అందులోనూ నీళ్లే ఉన్నాయి.

"తెలిసి కూడా రోజుకొక కారణం చెప్పినావే!"

హేమ సంచిలోంచి ఒక చిన్న నోటు పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. తెరిచాను. పేజీకి రెండు వరసలు, ప్రతి తేదీకి ఒక కారణం. జనవరి ఇరవై, కొళాయి మూతి. ఇరవై ఒకటి, పైపు మడత. అలా జరిగిపోయిన రోజులన్నీ ఉన్నాయి. జరగని రోజులు కూడా ఉన్నాయి. మార్చి మూడు, ట్యాంకు అడుగున మట్టి. మార్చి పదకొండు, వైరు వదులు. ఏప్రిల్ ఇరవై మూడు దాకా, స్కూలు ఆఖరి రోజు దాకా రాసుంది.

"ఒక దినమే అన్నీ చెప్పేస్తే అయిపోతాయి గదా," అంది హేమ కిటికీలోంచి బయటికి చూస్తూ. "అందుకే దినానికొకటి పెట్టుకున్నా. మొదట పన్నెండే తోచినాయి. లైబ్రరీలో వెతికి మిగతావి రాసుకున్నా."

నేను ఆవిణ్ని ఫోనులో నిలబెట్టానని మురిసిపోతుంటే, ఆవిడ నన్ను ఏప్రిల్ దాకా నిలబెట్టే ఏర్పాట్లలో ఉంది.

ఏప్రిల్ ఇరవై మూడు కింద గట్టిగా ఒక గీత గీసి ఉంది. పుస్తకం అక్కడితో అయిపోవాలి. పేజీ తిప్పితే వేరే సిరాతో మళ్లీ మొదలైంది. జూన్ పన్నెండు, ట్యాంకులో నాచు. జూన్ పదమూడు, రబ్బరు వాషరు. ఆ కింద ఇంకా రెండు పేజీలు.

జూన్ అంటే వచ్చే చదువుల ఏడాది. నాకు అర్థమయ్యేసరికి కొంచెంసేపు పట్టింది.

"ఇది ఎప్పుడు రాసినావ్?"

"నిన్న. మీరు ఫోను పెట్టినాక."

"కాగితం?"

"పొద్దున పదింటికి ఇచ్చేసినా. ఇంకో ఏడాది ఉంటానని."

దారి పొడుగునా సాధన చేసిన మాట గొంతులోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. "ఒక్క మాట అడిగింటే..." అన్నాను.

"అడిగినా గదా. ఇంకేమన్నా చెప్పల్లనా అని." హేమ ఎర్ర క్లిప్పును చేతిలో తిప్పింది. "నీళ్లు రాలేదని నలభై దినాలు చెప్తిరి. నువ్వు రా అని ఒక్క దినం చెప్పకపోతిరి. మీరు చెప్తారని నిన్న ఏడున్నర దాకా చూసినా. పిల్లలేమో టీచర్ పోవద్దంటాండారు. అడిగినోళ్ల దగ్గర ఉంటానని రాసిచ్చినా."

నేరం నాది, సాక్ష్యం ఆవిడ చేతిలో క్లిప్పు. "తప్పు నాదే హేమా," అన్నాను. ఆ మాట ఒక్కటే నిజంగా వచ్చింది.

హేమ కొంగుతో ముక్కు తుడుచుకొని లేచింది. టీచరు గొంతు తిరిగొచ్చింది. "సరే. వ్యాన్ ఈడే ఉండల్ల. పిల్లల ప్రాక్టికల్‌కు పనికొస్తాదని వాణి మేడమ్‌ను ఎప్పుడో అడిగి పెట్టినా. మీరు బస్సులో పోండి."

"నా వ్యాన్!"

"శనివారం శనివారం వచ్చి రిపేరు చేసి పోండి. ఎలీషాతో చెప్పినా. భర్తలకైతే గంట, రిపేరోళ్లకు పొద్దుగూకే దాకా."

"రిపేరేముంది, బాగైపోయింది గదా?"

హేమ ఎర్ర క్లిప్పును తన సంచిలో వేసుకొని జిప్పు లాగింది. "వచ్చే శనివారానికి ఇది యాడ పెడతానో మీరే కనుక్కోండి."

తడి ప్యాంటుతో బస్సెక్కాను. కండక్టరు నా పక్కన ఎవర్నీ కూర్చోబెట్టలేదు. నంద్యాలలో దిగి ఇంటికొస్తే పెరట్లో వ్యాన్ ఉండే చోట నాలుగు చక్రాల గుర్తులు. రంగమ్మ ప్రహరీ మీద నుంచి తొంగిచూసి, "బండి కూడా పోయినాదా అప్పా?" అంది. పోయిందన్నాను. మూడు గదుల ఇంటికి తాళం తీసి, లైటు వేసి, రెండు కప్పుల టీ కాచాను.

ఏడింటికి ఫోను మోగింది.

"తిన్నారా?"

"లేదు."

"మాత్ర?"

"లేదు."

"ఈడ వ్యాన్‌లో నీళ్లు బాగా వస్తాండాయి. ఆడ ఇంట్లో ఎట్లుండాయి?"

"ఇంట్లో నీళ్లు బాగుండాయి హేమా," అన్నాను. "నాకే బాగలేదు. ఇల్లంతా బోసిపోయి ఉండాది. నువ్వు లేక నాకు తోచడం లేదు."

నా చెవులతో నేను విన్నాను, ఆ మాట నేనే అన్నాను. అవతల హేమ ఊపిరి వినపడింది. అలా ఫోను పట్టుకొనే ఉన్నాం, ఏడున్నరకు దూరంగా భోజనం గంట కొట్టారు.

"గంట కొట్టినారు హేమా. పోవల్ల గదా."

"కొట్టనీలే. కృష్ణమ్మ వడ్డిస్తాది. మీరు చెప్పండి."

చెప్పడానికి నాకేమీ తోచలేదు. ఆవిడకూ తోచలేదు. ఫోను పెట్టాక చూసుకుంటే నలభై నిమిషాలు.